ఎడమ వరుసలో చివరి ఇల్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అనేది. ముక్కు మీద కాదు, నాలుక మీద ఉండేదని నా చేతి కింద చదువుకున్న పిల్లలెవరైనా చెబుతారు. డెబ్బైల్లో యాకుత్‌పురాలో పల్లె నర్సుల ట్రైనింగ్ స్కూలు ఒకటి ఉండేది. ఎవరో పాత నవాబు ఖాందాన్ వాళ్లు కిరాయికిచ్చిన దేవిడీ, పెద్ద బంగళా అది. కింద క్లాసులు, పైన పిల్లల హాస్టలు. నేను అక్కడ ట్యూటర్ని, పల్లె డ్యూటీకి ఇన్‌చార్జిని. పిల్లలు నన్ను ఎదురుగా "సిస్టర్" అనేవారు. వెనకాల "మిర్చీ సిస్టర్" అనేవారు. ఆ సంగతి తెలియనట్టు ఉండేదాన్ని కానీ లోపల కాస్త మురిసిపోయేదాన్ని కూడా.

పల్లె డ్యూటీ అంటే ఆ చదువులో సగం. వారానికి నాలుగు రోజులు పొద్దున్నే పిల్లలను జీపులో కుక్కుకుని, చాంద్రాయణగుట్ట మీదుగా జల్‌పల్లి దాటి ఒక పల్లెకు తీసుకుపోయేదాన్ని. ఇప్పుడు ఆ దారంతా ఇళ్లే. అప్పుడు రాళ్లు, జొన్న చేలు, మధ్యలో ఎర్రమట్టి బాట. ఊరు చేరాక పిల్లలు ఇల్లిల్లూ తిరిగి గర్భిణులను చూడాలి. కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కితే గుంట పడుతుందా, పడదా? స్పిరిట్ దీపం మీద మూత్రం కాస్తే తెల్లగా విరుగుతుందా, విరగదా? ఈ రెండూ చూడటం వస్తే సగం ప్రాణాలు నిలబెట్టినట్టేనని పిల్లలకు నూరిపోసేదాన్ని.

అన్నిటికంటే నా ప్రాణం పిల్లల క్షేమం మీద ఉండేది. పెళ్లికాని ఆడపిల్లలు, పద్దెనిమిది పంతొమ్మిదేళ్ల వాళ్లు, జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. ఇద్దరిద్దరుగానే తిరగాలి. ఆడవాళ్లు లేని ఇంట్లో అడుగు పెట్టకూడదు. పొద్దు వాలకముందే జీపు దగ్గర ఉండాలి. రోజుకు మూడుసార్లు తలలు లెక్కపెట్టేదాన్ని. ఒకసారి ఒక పిల్ల సీతాఫలాలు ఏరుకుంటూ వెనకబడితే ఊరంతా గుమ్మాల్లోకొచ్చి చూసేలా తిట్టాను. ఆ పిల్ల ఏడుస్తూనే రెండు కాయలు నాకు ఇచ్చింది. తిన్నాను, తింటూ కూడా తిట్టాను.

ఇంత గట్టిగా ఉన్నదాన్ని ఒక దగ్గర జారాను. ఇళ్లు ఎక్కువ, పిల్లలు తక్కువ. నెల తిరిగేసరికి ఇన్ని ఇళ్లు చూశామని పైకి రాసి పంపాలి. అందుకని ఒక ఉపాయం పన్నాను. జోడీ ఒకే గల్లీలో పోతుంది. కానీ ఒకతి ఎడమ వరుస ఇళ్లు, ఇంకొకతి కుడి వరుస ఇళ్లు చూస్తుంది. కేకేస్తే వినబడే దూరమే కదా! సగం పొద్దులో పని అయిపోయేది. పైవాళ్లు మెచ్చుకున్నారు. నేనూ నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. కాగితం మీద ఇద్దరు, గడప దగ్గర ఒక్కతే.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. మలేరియా మందు కొట్టేవాళ్లు గోడ మీద తారీఖు వేసి పోవడం చూసి మేమూ మొదలుపెట్టాం. ఇంట్లోకి వెళ్లి, గర్భిణిని చూసి వచ్చాక, దర్వాజా పక్కన గోడ మీద జాజు ముక్కతో, అదే ఎర్రమట్టి గడ్డతో, ఆ రోజు తారీఖు, తన పేరులో మొదటి అక్షరం రాయాలి. జీపు ఎక్కేముందు నేను గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి గోడలు చూసుకునేదాన్ని. "మనిషి అబద్ధమాడుతది గని గోడ ఆడదు" అని పిల్లలతో అనేదాన్ని. ఎంత గొప్పగా అనేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ ఊళ్లో మాకు కూర్చోను చోటు ఇచ్చినవాడు ఒక రాళ్ల కాంట్రాక్టరు. ఊరంతా పటేల్ అని పిలిచేవారు. అంతకుముందు మేం ఒక వేపచెట్టు కింద పెట్టె తెరుచుకుని కూర్చునేవాళ్లం. ఎండకు మందులు పాడయ్యేవి, వానకు మేం పాడయ్యేవాళ్లం. ఆయన తన రాళ్ల అడ్డా పక్కనున్న గది తెరిచి, మంచం వేయించి, కుండతో నీళ్లు పెట్టించాడు. "మా ఊరి ఆడోళ్లకు సేవ చేస్తుండ్రు, నాకు పుణ్యం" అన్నాడు. నేను చేతులు జోడించి పొంగిపోయాను. ఆయన ఇల్లు ఆ అడ్డాకు ఆనుకునే, మేం తిరిగే గల్లీలో ఎడమ వరుసలో చివరిది. ఆ ఇంట్లో ఆయన తల్లి, భార్య ఉండేవారు. భార్యకు అప్పుడు ఆరో నెల.

ఆ ఎడమ వరుస చూసే పిల్ల పాలమూరు దిక్కు నుంచి వచ్చింది. సన్నగా, నల్లగా, చేతులు మాత్రం పెద్దవి. కాన్పులు చేయడానికి పుట్టిన చేతులని నేనే అనేదాన్ని. తక్కువ మాట్లాడేది. ఇంజెక్షన్ వేస్తే సూది దిగిందని తెలియక చంటిపిల్లలు కూడా ఆలస్యంగా ఏడ్చేవారు. ఆ బ్యాచిలో నాకు దాని మీదే నమ్మకం ఎక్కువ. ఆ నమ్మకం దానికి చెప్పింది మాత్రం ఎప్పుడూ లేదు. చెబితే పిల్లలు నెత్తికెక్కుతారని నా సిద్ధాంతం.

ఒక సాయంత్రం హాస్టల్ నల్లా దగ్గర గాజు గొట్టాలు కడుగుతున్నాం. మిగతా పిల్లలు చాయ్‌కి పోయారు. ఆ పిల్ల కదల్లేదు.

"సిస్టర్, ఒక మాట చెప్పాలె."

"చెప్పు. చేతులాపకుండ చెప్పు."

"ఎడమ వరుసల ఆఖరి ఇంటికి నన్ను పంపకుండ్రి."

"ఎందుకు? కుక్క ఉన్నదా?"

"కుక్కయితే కట్టెతోని నేనే కొడుతుంటి," అంది తల ఎత్తకుండా. "పటేల్ గడపకాడ అడ్డం నిలబడతడు. ఆయన్ని రాసుకుంటనే లోపలికి పోవాలె. మొన్న నా నాడి గూడ సూడు అని చెయ్యి పట్టుకున్నడు. గుంజుకుంటే ఇడ్వలే సిస్టర్. ఎదకు ఆనించుకున్నడు."

"ఇంట్ల ఆడోళ్లు లేరా?"

"ఉన్నరు. ముసలమ్మ సూసి గూడ సూడనట్టు ఎనకకు పోయింది."

"మరి కేకెయ్యకపోయినవా? గల్లీల నీ జోడీ ఉండె గద!"

"రాళ్లు కొట్టే సప్పుడుల ఎవరికినబడుతది?"

నా ఒళ్లు మండిపోయింది. ఆ మంట నిజమైనదే, దాన్ని కాదనను. వాడి మొహం మీద ఉమ్మేసి రావాలనిపించింది. కానీ మంట ఎంతసేపుంది? నల్లా కింద ఒక గొట్టం నిండేంతసేపు. తర్వాత నా కళ్ల ముందుకు ఆ గది వచ్చింది. వాడికి కోపం వస్తే గది పోతుంది. గది పోతే ఆ ఊరే పోతుంది, పిల్లల పల్లె డ్యూటీ సగంలో ఆగిపోతుంది. ఎందుకు ఆగిందని పైవాళ్లు నన్ను అడుగుతారు. నా ఉద్యోగం ఇంకా టెంపరరీ. పర్మనెంట్ ఆర్డరు ఇవాళో రేపో వస్తుందని మా అమ్మ రోజూ గుమ్మంలో నిలబడి పోస్ట్‌మన్ దారి చూస్తోంది. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. వాడి మీద వచ్చిన కోపం అట్లాగే తిరిగి ఆ పిల్ల మీదికి మళ్లింది.

"నువ్వేమన్న నవ్వినవా ఆయనను సూసి?" అని అడిగాను.

ఈ వాక్యం కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నేను ఆగలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదైతదని చెప్పాను. తల వంచుకుని పోయి, పని చూసుకుని, తల వంచుకునే రమ్మన్నాను. "నర్సు పనికొచ్చి గిట్ల చిన్నదానికి, పెద్దదానికి భయపడితే రేపు ఒంటిగ ఊళ్లల్ల ఎట్ల బతుకుతవ్?" అని ఎదురు నేనే కసిరాను.

"మంచిది సిస్టర్" అంది. మిగిలిన గొట్టాలు కడిగి, బోర్లించి, పైకి వెళ్లిపోయింది.

ఆ మాటతో నా పని అయిపోయిందనుకున్నాను. జోడీని ఒకే వరుసకు పంపమని నోటి మాట చెబితే సరిపోయేది. కనీసం నేను ఒకసారి తోడు వెళ్లినా సరిపోయేది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. అప్పుడు మాత్రం నేను పిల్లను ధైర్యవంతురాలిని చేస్తున్నాననే అనుకున్నాను.

తర్వాతి వారాల్లో రోజూ గోడలు చూశాను. చివరి ఇంటి దర్వాజా పక్కన కూడా జాజు తారీఖు, దాని కింద దాని అక్షరం తప్పకుండా ఉండేవి. చూసిన గర్భిణుల వివరాలు రాసే పుస్తకంలో ఆ ఇంటి పేజీలో "కాళ్లవాపు లేదు, మూత్రం మామూలు" అని పొందికైన చేతిరాత. చూశావా, గట్టిగా చెబితే భయం పోయింది అని సంతోషపడ్డాను. పటేల్ గది ముందు కనబడితే నమస్కారం కూడా పెట్టాను. కాస్త ముభావంగా పెట్టాను, అదే వాడికి శిక్ష అన్నట్టు!

ఆ మధ్యలో ఒక ఆదివారం పిల్లలను పత్తర్‌గట్టి బజారుకు తీసుకుపోయాను. నాడి లెక్కపెట్టడానికి సెకండ్ల ముల్లున్న గడియారం కావాలి కదా. బ్యాచంతా కలిసి ఒక ముసలాయన దుకాణం ముందు గుంపుగా నిలబడ్డారు. ఆయన గడ్డం తెల్లగా, మనిషి సాధువులా ఉన్నాడు. పాలమూరు పిల్ల వంతు వచ్చినప్పుడు పట్టీ సరిచేద్దామని దాని మణికట్టు పట్టుకున్నాడు. అంతే, కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. గడియారం రాతి మెట్టు మీద పడింది.

"అరే బేటీ, డరో నక్కో" అని భయపడొద్దన్నాడు ఆయన. పాపం, ఆయన మొహం చిన్నబోయింది. వంగి తనే గడియారం తీసి, చెవి దగ్గర పెట్టుకుని, "చల్ రహా హై" అని, నడుస్తూనే ఉందిలే అన్నట్టు నవ్వాడు.

నేనేం చేశాను? బజారు నడిబొడ్డున దాన్ని దులిపేశాను. పెద్దమనిషి ముందు నా పరువు తీశావన్నాను, అడవి నుంచి వచ్చినట్టు చేస్తావన్నాను. ఆ చెయ్యి ఎందుకట్లా వెనక్కి పోయిందో నాకు తెలియక కాదు. తెలుసు. తెలిసిన సంగతిని నా లోపల ఒక మూలకు నెట్టి, దాని మీద కోపాన్ని మూతలా పెట్టాను.

నెలన్నర గడిచాక, ఒక మిట్టమధ్యాహ్నం. పిల్లలు అన్నం టిఫిన్లు విప్పుకుని గదిలో కూర్చున్నారు. పటేల్ తల్లి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"నర్సమ్మా, కోడలికి దయ్యం పట్టింది! కండ్లు తేలేసింది, పండ్లు కొరుక్కుంటున్నది!"

దయ్యం అనగానే అది గర్భిణులకు వాపు ముదిరితే వచ్చే మూర్ఛ అని నాకు అర్థమైంది. పెట్టె పట్టుకుని పరుగెత్తాను. ఆ ఇంటి లోపలి గదిలో నేల మీద కోడలు గుర్రు పెడుతోంది, నోటి కొసన నురగ. పక్కకు తిప్పి, నోట్లోది తుడిచి, జీపు తెమ్మని అరిచాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఒక చెయ్యి అలవాటుగా కాలి ఎముక మీద నొక్కింది. నా బొటనవేలు సగం దాకా దిగిపోయింది. తీశాక కూడా ఆ గుంట పూడలేదు. మొహం, చేతులు, కాళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. అది ఒక్క రోజు వాపు కాదు. కొత్తగా వచ్చిన పిల్ల కూడా ఒక్క చూపులో పట్టేస్తుంది.

జీపులో పడుకోబెట్టి తీసుకుపోతుంటే ఆ దర్వాజా పక్క గోడ కనబడింది. నిన్నటి తారీఖు ఉంది.

కాన్పుల దవాఖానలో తల్లి బతికింది. బిడ్డ చచ్చి పుట్టింది. మగపిల్లవాడు.

నేను హాస్టల్‌కు తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది. నేను అడగకముందే చెప్పింది.

"నేను లోపలికి పోలే సిస్టర్. మీరు పొమ్మన్న తెల్లారి ఒక్కసారి పోయిన. మల్ల ఆయన గట్లనే చేసిండు. ఆ తర్వాత పోలే. బయటనే రాసి వస్తున్న."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు నాకు అరవాలనిపించింది. అరవలేకపోయాను.

"నేను మీకు చెప్పిన గద సిస్టర్" అంది మెల్లగా. అందులో నింద లేదు. గుర్తు చేస్తున్నట్టు అంది.

మర్నాడు దవాఖానకు వెళ్లాను. పటేల్ భార్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నన్ను చూసి అడగకుండానే మాట్లాడింది. "గా పిల్ల మంచిది నర్సమ్మా. వాకిట్ల నిలబడి అక్కా ఒక్కసారి బయటికి రా, కాళ్లు సూస్త అని పిలుస్తుండె. మా అత్త పోనియ్యకపోతుండె. నిండు మనిషి గడపల నిలబడొద్దని." దుప్పటి మొహం మీదికి లాక్కుంటూ, "ఆమె ఎందుకు లోపలికి రాదో నాకెరికే" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. చెప్పమని నేనూ అడగలేదు.

నాలుగో రోజు పటేల్ సర్పంచిని వెంటబెట్టుకుని దేవిడీకి వచ్చి లొల్లి చేశాడు. మా స్కూలు వాళ్లు గోడ మీద గీతలు గీసి పోతున్నారు, ఆడబిడ్డలను చూడటం లేదు, తన కొడుకును చంపేశారు అని గల్లీ అంతా వినేలా అరిచాడు. చెంపలు తడిసి ఉన్నాయి. ఆ ఏడుపు నిజమే. అదే నాకు భరించలేనిదైంది. కంచే చేను మేసి, చేనెక్కడ అని ఏడుస్తోంది.

విచారణకు పై ఆఫీసు నుంచి పెద్ద డాక్టరమ్మ వచ్చింది. కచ్చితమైన మనిషి, అన్యాయం చేసేది కాదు. పిల్లను పిలవకముందు నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి మాట్లాడింది.

"చూడు సిస్టర్, ఫాల్స్ ఎంట్రీ రాసింది. ఒక బిడ్డ పోయింది. రూల్ ప్రకారం అమ్మాయిని పంపించెయ్యాలె, సర్టిఫికెట్ ఇంకెక్కడ కూడ రాదు. ఒక్కటే దారి ఉంది. ఏదన్న ఇబ్బంది ఉందని ముందు నీకు చెప్పి ఉంటే, అప్పుడు తప్పు ఆమెది కాదు, చూసుకోవాల్సిన వాళ్లది. నీకేమన్న చెప్పిందా?"

ఇప్పుడు మీకూ తెలిసింది, అప్పుడు నాకు తెలిసినంత. "చెప్పింది" అనే ఒక్క మాట ఆ పిల్ల చదువును నిలబెడుతుంది, నన్ను ఇంటికి పంపుతుంది. "అమ్మాయినే అడగండి మేడం" అన్నాను. ఎంత తెలివైన జవాబు! అబద్ధం కాదు, నిజం కాదు.

పిల్లను పిలిచారు. క్లాసు గదిలోనే, తను రోజూ కూర్చునే బల్ల ముందు నిలబడింది. ఎందుకు లోపలికి పోలేదని డాక్టరమ్మ అడిగింది.

"ఆ ఇంటాయన అంటే భయం మేడం."

"ఏం చేసిండు?"

"చెయ్యి పట్టుకున్నడు."

డాక్టరమ్మ రాస్తున్నది ఆపింది. గొంతు మెత్తబడింది. "మరి నీ సిస్టర్‌కు చెప్పినవా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. డాక్టరమ్మ కూడా నా వైపే చూసింది. నేను కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటున్నాను. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని తుడుస్తూనే ఉన్నాను. నేను మాట్లాడడానికి కావలసినంత సమయం ఇచ్చారు ఇద్దరూ. బయట గల్లీలో పాత సామానువాడు అరుస్తూ పోయాడు, వాడి గొంతు దూరమైపోయింది.

"లేదు మేడం" అంది ఆ పిల్ల. "ఎవ్వరికి చెప్పలే."

డాక్టరమ్మ నిట్టూర్చింది. "చెప్పి ఉంటే వేరే మాటమ్మా" అంది. పిల్లను స్కూలు నుంచి తీసేస్తున్నట్టు అక్కడే కాగితం రాసింది.

దవాఖానలో పటేల్ భార్య చెప్పిన మాట నా దగ్గరే ఉంది. దాన్ని కూడా బయటపెట్టలేదు. మనిషి ఒకసారి నోరు మూసుకుంటే ఆ తర్వాత తెరవడానికి వెయ్యి సార్లు అవకాశం వస్తుంది. వెయ్యి సార్లూ మొదటిసారి కంటే కష్టమవుతుంది. నెల తిరక్కుండా నాకు పర్మనెంట్ ఆర్డరు వచ్చింది. మా అమ్మ పేటలో అందరికీ నోరు తీపి చేసింది.

ఆ తర్వాత జోడీలను విడదీయడం మానేశాను. ఆ గది వదిలేసి మళ్లీ వేపచెట్టు కిందికే పోయాం. పిల్లలెవరైనా "సిస్టర్, ఒక మాట" అంటే చేతిలో పని పక్కన పెట్టి, కూర్చోబెట్టి వినేదాన్ని. సిస్టర్ మారిపోయింది, మెత్తబడింది అనుకున్నారు. మంచి ట్యూటర్ అని పేరు కూడా వచ్చింది. ఆ పేరు ఎవరైనా ఎత్తినప్పుడల్లా నాకు లోపల కారం రాసినట్టుండేది. ఆ మంచితనమంతా ఎవరి చదువు పెట్టుబడిగా పెట్టి నేర్చుకున్నానో వాళ్లకేం తెలుసు!

ఆ పిల్ల వెళ్లిపోయిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పనిది అదే.

వాళ్ల నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. పాలమూరు ప్యాసింజర్ యాకుత్‌పురా స్టేషన్‌లో ఆగుతుంది, అక్కడే నిలబడతానని కార్డు రాశాడు. వార్డెన్ వస్తానన్నా నేనే బయలుదేరాను. రేకు పెట్టె చెరో పిడి పట్టుకుని గల్లీల్లో నడిచాం. సగం దారిలో నేను ఉండబట్టలేక అడిగాను.

"డాక్టరమ్మ అడిగితే నాకు చెప్పిన అని ఎందుకు అనలేదు నువ్వు?"

అది పెట్టె ఇంకో చేతిలోకి మార్చుకుంది. "చెప్పిన అంటే మీరు లేదంటరనుకున్న సిస్టర్" అంది. "గప్పుడు నేను రెండుసార్ల అబద్ధాలదాన్నైతుంటి."

నేను అట్లా అనను అని అనబోయాను. నోటిదాకా వచ్చింది. అన్నానా? ఆ గదిలో ఆమె నిజంగానే "చెప్పిన" అని ఉంటే నేను ఏమనేదాన్ని? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా జవాబు తెలియదని చెప్పుకుంటాను. ఆ పిల్లకు మాత్రం తెలుసు.

ప్లాట్‌ఫారం మీద వాళ్ల నాన్న నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా, పగిలిన మడమలు, పెద్ద పెద్ద చేతులు. కూతురి చేతులు ఎవరివో అప్పుడు తెలిసింది. పెట్టె అందుకుని నేల మీద పెట్టి, నాకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

"తప్పు చేసిందంట, తీసేసిండ్రంట. మీరేం చేస్తరు సిస్టరమ్మా, కాయిదాల మాట కాయిదాలది" అన్నాడు. "సదువు పోతే పోయింది. ఆడపిల్లను ఊరుగాని ఊరికి తోలి రోజు ఫికర్ పడితిమి, నేను, మా ఇంటిది. మీ నీడల ఉన్నన్ని దినాలు పిల్ల మీద ఎవ్వని చెయ్యి పడలే. గట్లనే తెచ్చి మాకు అప్పజెప్పినవు. గింత చాలు తల్లీ."

ఆ పిల్ల నా వైపు చూడలేదు. పట్టాల వైపు చూస్తూ నిలబడింది. నేను చెబుతానేమోనని కాదు, చెప్పనని తెలిసే అట్లా నిలబడింది.

నేను ఆయనకు తిరిగి దండం పెట్టాను.